మింగిన మందు ఎటు పోతుంది?

మన ఇళ్లల్లో మందుల సంచి ఒకటి ఉంటుంది. గోడకు మేకు కొట్టి తగిలిస్తాం. లేదా పెట్టె మీద పెడతాం. అందులో షుగరు బిళ్లలు ఉంటాయి. బీపీ బిళ్లలు ఉంటాయి. నొప్పుల బిళ్లలు ఉంటాయి. ఎప్పుడో జ్వరానికి రాసిన బిళ్లలు కూడా నాలుగు మిగిలి ఉంటాయి.

బిళ్ల మింగుతాం. నొప్పి తగ్గుతుంది. జ్వరం దిగుతుంది. పనిలోకి వెళ్లిపోతాం. ఆ బిళ్ల తర్వాత ఏమైంది? ఒంట్లోనే ఉండిపోయిందా? బయటికి పోయిందా? పోతే ఎలా పోయింది?

అక్కలారా, ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ దీనికి జవాబు తెలిస్తే ఒక ప్రాణం నిలబడవచ్చు. అందుకే ఈ పాఠం.

మందు చేసే ప్రయాణం

మనం మింగిన బిళ్ల కడుపులో కరుగుతుంది. పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. రక్తం దాన్ని ఒళ్లంతా తిప్పుతుంది. అవసరమైన చోట మందు తన పని చేస్తుంది.

పని అయ్యాక మందు బయటికి పోవాలి. దానికి రెండు పెద్ద దారులు ఉన్నాయి. ఒకటి కాలేయం. కాలేయం చాలా మందులను విరగ్గొట్టి మారుస్తుంది. రెండోది కిడ్నీలు. వీటినే మూత్రపిండాలు అంటాం. ఇవి మందును, దాని తుక్కును రక్తంలోంచి తీసి మూత్రంతో బయటికి పంపుతాయి.

కొన్ని మందులు ఎక్కువగా కాలేయం మీద ఆధారపడతాయి. కొన్ని కిడ్నీల మీదే ఆధారపడతాయి. కొన్నిటికి రెండూ కావాలి.

డాక్టరు చీటీ మీద “పొద్దున ఒకటి, రాత్రి ఒకటి” అని రాస్తారు. ఎందుకు? పొద్దున వేసిన మందు రాత్రికి చాలావరకు బయటికి పోతుంది. తగ్గినంత మళ్లీ వేస్తాం. అప్పుడు రక్తంలో మందు సరిపడా ఉంటుంది. ఎక్కువ కాదు, తక్కువ కాదు. అంటే మందు ఎంత తొందరగా బయటికి పోతుందో చూసే మోతాదు కట్టారు. మామూలుగా రాసే మోతాదు కిడ్నీలు బాగా పని చేసే మనిషికి సరిపోయేది. ఈ మాట గుర్తుంచుకోండి. పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

కిడ్నీలు ఎంత పని చేస్తాయి?

కిడ్నీలు రెండు ఉంటాయి. నడుముకు కొంచెం పైన, వీపు వైపు, వెన్నెముకకు అటొకటి ఇటొకటి. ఒక్కొక్కటి మన పిడికిలంత ఉంటుంది. ఆకారం చిక్కుడు గింజలా ఉంటుంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. కంటికి కనపడనంత సన్నవి. రక్తం వాటి గుండా పోతూ ఉంటుంది. రోజుకు సుమారు 180 లీటర్ల నీరు ఈ జల్లెడల్లో వడపోత అవుతుంది. 15 లీటర్ల బిందెలతో లెక్క వేస్తే 12 బిందెలు! మన ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లు. అదే రక్తం పగలూ రాత్రీ మళ్లీ మళ్లీ తిరిగి వస్తూ ఉంటుంది. వడపోసిన నీటిలో చాలా భాగాన్ని కిడ్నీలు మళ్లీ రక్తంలోకే పంపేస్తాయి. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్ల నీటితో పాటు మలినాలు, మందుల తుక్కు మూత్రంగా బయటికి వస్తాయి.

మొగ పూడితే ఏమవుతుంది?

నిజాంపట్నం వాళ్లకు మురుగు కాలువ సంగతి చెప్పక్కర్లేదు. వాన పడుతుంది. పొలంలో నీరు కాలువలోకి దిగుతుంది. కాలువ సముద్రంలోకి పోతుంది. మొగ పూడిపోతే? వాన ఎప్పటిలాగే పడుతుంది. నీరు మాత్రం పోదు. పొలం మునుగుతుంది. అప్పుడు వాన ఎక్కువ పడిందని అనలేం. పోయే దారి మూసుకుపోయింది, అంతే.

కిడ్నీ దెబ్బతిన్న ఒంట్లో మందు సంగతి కూడా అంతే. మనం వేసుకునేది అదే బిళ్ల. అదే మోతాదు. కానీ పోయే దారి పూడింది. నిన్నటి మందు పూర్తిగా పోలేదు. దాని మీద ఇవాళ్టి మందు వేశాం. రేపు ఇంకొకటి వేస్తాం.

లెక్క వేసి చూద్దాం. మందును గ్లాసుల నీళ్లు అనుకోండి. ఒంటిని కుండ అనుకోండి. రోజూ కుండలో 8 గ్లాసులు పోస్తున్నాం. కిడ్నీలు బాగుంటే మర్నాటికి అన్నీ పోతాయి. కుండలో ఎప్పుడూ 8 గ్లాసులు మించవు.

ఇప్పుడు రోజుకు సగమే పోతుంది అనుకోండి.

మొదటి రోజు 8 పోశాం. మర్నాటికి 4 మిగిలాయి.
రెండో రోజు 4 మీద 8 పోశాం. 12 అయ్యాయి. 6 మిగిలాయి.
మూడో రోజు 6 మీద 8. 14 అయ్యాయి. 7 మిగిలాయి.
నాలుగో రోజు 7 మీద 8. 15 అయ్యాయి.

ఇలా పెరిగి పెరిగి 16 దగ్గర ఆగుతుంది. అంటే రెండు రెట్లు. రోజుకు పావు వంతే బయటికి పోతే 32 దాకా చేరుతుంది. అంటే నాలుగు రెట్లు. మనం వేసుకున్నది రోజుకు ఒక్క బిళ్లే. ఒంట్లో మాత్రం నాలుగు బిళ్లలు వేసుకున్నట్టు అవుతుంది. మందు అదే. కానీ ఇప్పుడది విషంలా పని చేస్తుంది.

అందుకే డాక్టర్లు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. మోతాదు తగ్గిస్తారు. లేదా మోతాదుకూ మోతాదుకూ మధ్య కాలం పెంచుతారు. కొన్ని మందులైతే పూర్తిగా మానిపించి వేరే మందు రాస్తారు.

కొన్ని మందుల సంగతి

జెంటామైసిన్ అనే సూది మందు ఉంది. చీము పట్టే జబ్బులకు వేస్తారు. ఇది దాదాపు అంతా కిడ్నీల దారినే బయటికి పోతుంది. కిడ్నీలు బాగుంటే 2, 3 గంటల్లో సగం మందు పోతుంది. కిడ్నీలు దాదాపు పని మానేస్తే ఒక రోజు దాటినా సగం పోదు. ఆ మందు ఒంట్లో నిలిచిపోతే చెవులకు దెబ్బ తగులుతుంది. చెవుల్లో హోరు పెడుతుంది. వినికిడి పోవచ్చు. కిడ్నీలు ఇంకా చెడిపోతాయి.

షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్ల మనలో చాలామందికి తెలుసు. మంచి మందే. ఇది కూడా కిడ్నీల గుండానే పోతుంది. కిడ్నీలు బాగా బలహీనపడితే దీన్ని ఆపేస్తారు. ఆపకపోతే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇది అరుదే. కానీ వస్తే చాలా ప్రమాదం.

షుగరుకే ఇచ్చే గ్లిబెన్‌క్లమైడ్ బిళ్ల, ఇన్సులిన్ సూది సంగతి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మోతాదు వాడుతున్న అక్క ఒకరు ఉన్నారనుకుందాం. ఈ మధ్య ఆమెకు షుగరు వాటంతట అదే తగ్గుతోంది. తిండి మారలేదు. మందు మారలేదు. ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు. “జబ్బు నయమవుతోంది” అంటారు. అది నయం కాకపోవచ్చు. కిడ్నీలు దెబ్బతిని మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతోందేమో! ఒక తెల్లవారుజామున ఆమెకు చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. మాట తడబడుతుంది. స్పృహ తప్పుతుంది. షుగరు మరీ పడిపోతే ఇలాగే అవుతుంది.

ఇలా జరిగితే, మింగగలిగిన మనిషికి వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. షుగరు దానంతట అది తగ్గుతుంటే కిడ్నీ పరీక్ష చేయించాలి.

నొప్పి బిళ్ల రెండు వైపులా పదును

నాట్లు వేసినా, కోత కోసినా, రొయ్యలు వలిచినా, ఎండు చేపలు ఎత్తి దించినా నడుము పడిపోతుంది. దుకాణానికి వెళ్లి “ఒక నొప్పి బిళ్ల ఇవ్వన్నా” అంటాం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇస్తారు.

ఈ బిళ్లలు కిడ్నీలకు వచ్చే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజులు వాడితే సాధారణంగా తట్టుకుంటుంది. కానీ ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, లేదా ముందే కిడ్నీ బలహీనంగా ఉన్నప్పుడు వాడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. కిడ్నీ దెబ్బతింటే మనం వేసుకునే షుగరు మందు, ఇతర మందులు ఒంట్లో నిలుస్తాయి. ఒక బిళ్ల దారి పూడుస్తుంది. మిగతా బిళ్లలు అక్కడ ఆగిపోతాయి.

రాబందుల కథ మీరు వినే ఉంటారు. ఒకప్పుడు ఊరి బయట పశువు చనిపోతే రాబందులు గుంపులుగా వాలేవి. తర్వాత అవి కనపడకుండా పోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకు నొప్పులకు డైక్లోఫెనాక్ వేసేవారు. చనిపోయిన ఆ పశువుల మాంసం రాబందులు తిన్నాయి. వాటి కిడ్నీలు పాడై చనిపోయాయి. అందుకని మన దేశంలో 2006లో పశువులకు ఆ మందు వాడటాన్ని నిషేధించారు. మనిషి రాబందు కాదు. మనకు అంత తేలిగ్గా హాని జరగదు. అయినా నొప్పి బిళ్లకూ కిడ్నీకీ ఉన్న లంకె ఎంత గట్టిదో ఆ పక్షులు చెప్పి పోయాయి.

జ్వరానికి, చిన్న నొప్పులకు పారాసెటమాల్ కిడ్నీలకు కొంచెం మేలు. అదీ చెప్పిన మోతాదులోనే. ఎక్కువైతే కాలేయం చెడుతుంది.

కిడ్నీకి దెబ్బ ఎప్పుడు తగులుతుంది?

దెబ్బ రెండు రకాలు. ఒకటి ఉన్నట్టుండి తగిలేది. రెండోది నెమ్మదిగా ఏళ్ల తరబడి తగిలేది.

ఉన్నట్టుండి తగిలేది: వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోతుంది. కిడ్నీలకు రక్తం చాలదు. వడదెబ్బలోనూ ఇంతే. కాన్పులో రక్తం ఎక్కువగా పోయినా ఇంతే. పొలంలో రక్తపింజరి కరిస్తే దాని విషం కూడా కిడ్నీలను చెడగొడుతుంది. ఈ దెబ్బల్లో చాలా వాటికి వేళకు వైద్యం అందితే కిడ్నీలు మళ్లీ కోలుకుంటాయి. కోలుకున్నాక మందుల మోతాదు కూడా మళ్లీ మారాలి.

నెమ్మదిగా తగిలేది: షుగరు, బీపీ అదుపులో లేకపోతే కిడ్నీ జల్లెడలు కొద్దికొద్దిగా పాడవుతాయి. మొదట్లో నొప్పి ఉండదు. వాపు ఉండదు. మనకు తెలియనే తెలియదు.

షుగరు, బీపీ లేకపోయినా ఇలా జరగవచ్చు. మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల వైపు. కొబ్బరి తోటలు, జీడి తోటలు ఉన్న పచ్చని నేల. మనలాగే సముద్రం ఒడ్డు. అక్కడ ఎన్నో ఇళ్లల్లో కిడ్నీ జబ్బు ఉంది. వాళ్లలో చాలామందికి షుగరూ లేదు, బీపీ లేదు. నీరు, ఎండ, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి బిళ్లలు, ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధన జరిగింది. ఇదే కారణం అని ఒక్కటి తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. శ్రీలంకలో వరి రైతుల్లో, మధ్య అమెరికా దేశాల్లో చెరకు నరికే కూలీల్లో కూడా ఇలాంటి జబ్బు ఉంది. ఎండలో ఒళ్లు వంచి పని చేసే వాళ్లకే ఈ కష్టం ఎక్కువగా వచ్చింది.

ఉద్దానం మనకు చెప్పే మాట ఒకటి. కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది. అది ఉందని తెలియక మనం మామూలు మోతాదులో మందులు మింగుతూ ఉంటాం.

“మూత్రం బాగానే వస్తోంది కదా!”

చాలామంది ఈ మాటే అంటారు. మూత్రం వచ్చినంత మాత్రాన కిడ్నీ బాగున్నట్టు కాదు. నీరు పోతూ ఉండవచ్చు. మలినం, మందు పోకుండా ఉండిపోవచ్చు. కంటితో చూసి చెప్పలేం. పరీక్ష చేయాలి.

రక్త పరీక్షలో క్రియాటినిన్ అని చూస్తారు. అది కండల నుంచి వచ్చే తుక్కు. కిడ్నీలు దాన్ని బయటికి పంపాలి. పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది. మూత్ర పరీక్షలో ప్రొటీన్ పోతోందా అని చూస్తారు.

ఇక్కడ ఆడవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. క్రియాటినిన్ అంకె అందరికీ ఒకేలా లెక్క కాదు. 25 ఏళ్ల మగపిల్లవాడికి 1.2 వచ్చిందనుకోండి. అతని కిడ్నీల వడపోతకు 100కి సుమారు 86 మార్కులు వేయవచ్చు. 65 ఏళ్ల అమ్మకు అదే 1.2 వచ్చిందనుకోండి. ఆమె వడపోతకు సుమారు 50 మార్కులే. ఎందుకు? ఆమెకు కండ తక్కువ. తుక్కు తక్కువగా పుడుతుంది. అయినా అంత మిగిలిపోయిందంటే వడపోత బాగా తగ్గిందన్న మాట.

ఈ మార్కులనే డాక్టర్లు జీఎఫ్ఆర్ అంటారు. మూడు నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడరు. అందుకే కాగితం మీద అంకె చూసి “1.2 అంతే కదా” అని ఊరుకోవద్దు. “నా వయసుకు జీఎఫ్ఆర్ ఎంత?” అని అడగండి. అడగడం తప్పు కాదు. అది మన హక్కు.

మనం ఏం చేయాలి?

ఒకటి. ఎవరి మందు వాళ్లదే. “పక్కింటి వదినకు పడింది, నాకూ పడుతుంది” అనుకోవద్దు. వదిన కిడ్నీ వేరు, మన కిడ్నీ వేరు.

రెండు. ఎక్కడికి వెళ్లినా మందుల సంచి మొత్తం తీసుకెళ్లండి. పాత చీటీలు, పరీక్ష కాగితాలు కూడా. పసరు మందు, చూర్ణం వాడుతుంటే అదీ చెప్పండి. చిన్న డాక్టరైనా, పెద్ద డాక్టరైనా సూది వేసే ముందే ఇలా చెప్పండి: “అయ్యా, నాకు కిడ్నీ బలహీనంగా ఉంది. ఈ మందు నాకు పడుతుందా? మోతాదు తగ్గించాలా?”

మూడు. షుగరు, బీపీ బిళ్లలు వాడే వాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. “ఇవాళ ఏ బిళ్ల ఆపాలి? ఏది ఆపకూడదు?” అని అడగాలి. వెళ్లేలోపు ఓఆర్ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా తాగాలి. నొప్పి బిళ్ల జోలికి పోవద్దు. ఏం చేయాలో తెలియకపోతే ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి.

నాలుగు. భయపడి మందులన్నీ మానేయొద్దు. బీపీ బిళ్ల మానితే కిడ్నీ ఇంకా పాడవుతుంది. ఇన్సులిన్ సొంతంగా ఆపితే ప్రాణానికే ముప్పు. టీబీ మందు మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది. మోతాదు మార్చాల్సింది డాక్టరు. అడగాల్సింది మనం.

ఐదు. షుగరు గానీ బీపీ గానీ ఉన్న వాళ్లు ఏడాదికి ఒకసారైనా కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.

ఆరు. మూత్రం బాగా తగ్గినా, ముఖం కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా, మనిషి మగతగా పడి ఉన్నా ఆలస్యం చేయొద్దు. పాము కరిస్తే మంత్రం కోసం ఆగొద్దు. ఆసుపత్రికి పరుగెత్తాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కిడ్నీ జబ్బులకు వేరే విభాగమే ఉంది.

ఇప్పుడు మనకు చదవడం వచ్చింది. బిళ్లల అట్ట మీద పేరు చదవగలం. గడువు తేదీ చదవగలం. పరీక్ష కాగితం మీద అంకె చదవగలం. ఇంట్లో అత్తకు, అమ్మకు ఈ చదువు ఉపయోగపడాలి. ఇవాళే మందుల సంచి దించండి. ఒక్కొక్క పేరు కూడబలుక్కుని చదవండి. ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.

కలిసి మాట్లాడుకుందాం

1. మందు ఒంట్లోంచి బయటికి పోయే రెండు పెద్ద దారులు ఏవి?
2. కుండలో రోజూ 8 గ్లాసులు పోసి, సగమే పోతుంటే నాలుగో రోజుకు ఎన్ని అవుతాయి? ఐదో రోజుకు ఎన్ని? మీరే లెక్క వేయండి.
3. మందు మార్చకుండానే షుగరు తగ్గిపోతుంటే ఎందుకు సంతోషించకూడదు?
4. మీ ఇంట్లో నొప్పి బిళ్ల వారానికి ఎన్ని వాడుతున్నారు? ఎవరు వాడుతున్నారు? ఎవరు రాసిచ్చారు?
5. మీ ఇంట్లో మందులు వాడే వాళ్లకు కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు?